కారు టైరు సార్

ఆయన చనిపోయాడన్న సంగతి నాకు ఒక లారీ డ్రైవరు చెప్పాడు. వెనక చక్రంలో మేకు దిగిందని మా షాపు ముందు ఆపాడు. నేను జాకీ ఎత్తుతుంటే పక్కన నిలబడి టీ తాగుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"అక్కా, నీ దగ్గరికి వస్తాండె గదా, గుంతకల్లు పెద్దాయప్ప. బండికి కారు టైరు ఏసుకోని తిరుగుతాండె. పోయినాడంట."

"యాడ? రోడ్డు మీదనా?"

"లేదులేక్కా. ఇంటికాడనే. వరండాలో కుర్చీలో కూకోనుండి అట్లే పోయినాడంట."

పక్క టీ అంగడి ఓబులేసు గ్లాసులు కడుగుతూ ఈ మాట విన్నాడు. ఆయన బండి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ "ఈ టైరే ఒకదినం ఆయప్పను తింటాది, చూస్తాండు" అనేవాడు ఓబులేసు. ఆ రోజు మాత్రం కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

లారీ చక్రం విప్పి, మేకు తీసి, అతుకు వేసి, బిగించి పంపేశాను. తర్వాత పాత టైర్ల మీద కూర్చుంటే, ఆయన పేరు కూడా నాకు తెలియదని తట్టింది. అక్షరాలు నేర్చుకున్నాక ఫోనులో నా చేత్తో నేను రాసుకున్న మొదటి పేర్లలో ఆయనది ఒకటి. అక్కడ కూడా "కారు టైరు సార్" అనే ఉంది.

మా షాపు సోమందేపల్లె దాటాక హైవే పక్కన ఉంది. మా ఆయన పెట్టిన షాపు. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఆడమనిషి పంచరు వేస్తుందా అని బండి నిలిపి, చూసి, ఇంకొక షాపుకు పోయేవాళ్ళు మొదట్లో చాలామంది ఉండేవాళ్ళు. సార్ మొదటిసారి వచ్చినప్పుడు అలా చూడలేదు. అసలు ఆయన నావైపు చూడనే లేదు. నేరుగా నా కంప్రెసరు దగ్గరికి వెళ్ళి, గాలి కొలిచే ముల్లును చాలాసేపు చూశాడు. అది సరిగా ఉందని తేలాకే నావైపు తిరిగాడు.

బండి పెద్దది. దూరాలు పోయేవాళ్ళు కొనే రకం. ముందు చక్రం మామూలుగా పొడుగ్గా ఉంది, వెనకది పొట్టిగా, వెడల్పుగా ఉంది. వెనక క్యారియరుకు ఒక చిన్న కారు టైరు తాడుతో కట్టి ఉంది. ఆ టైరుకు వీపు ఆనించి ఒక ఆమె కూర్చుని ఉంది. అరవై ఏళ్ళు దగ్గర పడిన మనిషి. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది, ఎవరో ఇచ్చిన వస్తువును భద్రంగా పట్టుకున్నట్టు.

"ఏమ్మా, ఈ టైరు ఎక్కించల్ల" అన్నాడు ఆయన.

"కారు యాడుంది సార్?"

"కారు లేదు. దీనికే."

"దీనికేనా?"

"దీనికే."

ఓబులేసు అంగడిలోంచే అందుకున్నాడు. "సార్, అట్లనే ముందర చక్రానికి సైకిలు టైరు ఏపిస్తే లెక్క సరిపోతాది గదా."

"ముందరది ఇంకా బాగుండాదిలే అప్పా" అన్నాడు ఆయన.

నవ్వలేదు, కోపగించుకోలేదు. ఎగతాళికి కూడా ఆయన మామూలు ప్రశ్నకు చెప్పినట్టే జవాబు చెప్పేవాడు. ఎన్నేళ్ళు చూసినా అదొక్కటి మారలేదు. ఓబులేసుకు ఆయన మీద కడదాకా అదే కోపం.

నేను చేయనన్నాను. "నా చేతులతో నేను ఎక్కించను సార్. ఆ రిమ్ముకు ఇది పుట్టిన టైరు కాదు. యాడన్నా పడితిరంటే ఇద్దరూ పోతారు."

"కరెక్ట్" అన్నాడు.

అని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. బండిని స్టాండు వేసి, ఆమె ముందుకు వచ్చి కొద్దిగా కుంగి నిలబడ్డాడు. ఆమె కుడిచేతిని ఆయన మెడ చుట్టూ వేసింది. ఆయన మెల్లగా లేచాడు. ఆమె దిగింది. వాళ్ళిద్దరూ ఆ పనిని ఎన్నిసార్లు చేశారో, ఒక్క మాట కూడా అవసరం లేకుండా జరిగిపోయింది. ఆమెను నా పాత టైర్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు అడిగి తాగించాడు. ఎడమవైపు పెదవి నుంచి నీళ్ళు కారితే తన తువ్వాలుతో తుడిచాడు.

మిగతా సంగతులు చెప్పింది ఆమే. మాట ఒక్కొక్కటే వచ్చేది, మధ్యలో ఆగేది, మళ్ళీ వచ్చేది. ఆగినప్పుడు ఆయన అందించేవాడు కాదు. ఆమె నోటి వైపు చూస్తూ ఊరుకునేవాడు.

"ఈయప్ప రైలు డ్రైవరు, పాపా. రైలు తోలి తోలి దేశమంతా చూసినాడు. నేను క్వార్టర్సులో కూకోని పోయే రైళ్ళు చూస్తి. రిటైరైనంక తిప్పుతా అనె. ఈ బండి కొనె. నాకి కాలూ చెయ్యీ పడిపాయె."

చెప్పి నవ్వింది. సగం ముఖమే నవ్వింది.

"బస్సులో పోరాదా అక్కా?"

"కడుపులో తిప్పుతాది. కారులో ఊపిరాడదు. దీని మీదైతే గాలి తగుల్తాంటాది."

పక్షవాతం కొంచెం తగ్గాక ఆయన ఒకసారి బండి మీద ఎక్కించుకుని పోయాడట. మలుపులో బండి ఎడమకు వంగింది. వంగినవైపు పట్టుకోవడానికి ఆమెకు చెయ్యి లేదు. జారి పడింది. నెమ్మదిగా పోతున్నారు కాబట్టి చర్మం దోక్కుపోయి ఊరుకుంది. ఆ తర్వాత ఈ కారు టైరు దొరికేదాకా ఆయన బండి తీయలేదు.

"బండికి బట్ట కప్పి పెట్టినాడు. నాకి గూడ కప్పినట్లే ఉండె" అందామె.

"కూకోనీకి బండి పక్కన తొట్టి పెట్టిస్తా అంటి గదా" అన్నాడు ఆయన, మొదటిసారి మధ్యలో కలగజేసుకుని.

"తొట్టిలో ఏస్కోని పోనీకి నేనేమన్నా శెనక్కాయల మూటనా? నేను నీ ఈపు చూస్కోని పోవల్ల."

అప్పుడు ఆయన నాకు టైరు చూపించాడు. బండి టైరు అడుగు గుండ్రంగా ఉంటుంది, కారు టైరు అడుగు చదరంగా ఉంటుంది. అది నాకూ తెలిసిందే. కానీ ఆయన దాన్ని వేరేగా చెప్పాడు.

"గుండ్రందైతే మలుపు కనపడితేనే వంగుతాది. ఇది నిలబడతాది. వంగనే వంగదని కాదమ్మా. వంగనీకి దీనికి మనసు రాదు. నేను గట్టిగా తోస్తేనే వంగుతాది, అదీ కొంచెమే. ఈమె పడకుండా ఉండనీకి నాకి అంతే కావల్ల."

అనంతపురంలో కుదరదన్నారు. ధర్మవరంలోనూ కుదరదన్నారు. మలుపు వచ్చిన చోటల్లా ఆమెను దించి మళ్ళీ ఎక్కించుకుంటూ, హిందూపురం పోయే దారిలో నా షాపు చూసి ఆగారు. నేనూ కాదంటే ఇంటికి పోయి ఆ బండికి మళ్ళీ బట్ట కప్పాల్సిందే. ఆమె నా ముఖం చూడకుండా రోడ్డు మీద పోయే బండ్లనే చూస్తూ కూర్చుంది. పోయే ప్రతి బండితోపాటూ ఆమె తల కూడా తిరుగుతోంది.

"ఎక్కిస్తా సార్" అన్నాను. "అయితే అక్క కంటే ముందు నేను కూకుంటా వెనక. నాకి నమ్మకం కుదిరితేనే అక్కను ఎక్కించుకోని పో. లేదంటే మల్ల విప్పేస్తా."

"కరెక్ట్" అన్నాడు.

ఓబులేసు గొంతు తగ్గించి నాతో, "అక్కా, ఊరంతా చూస్తాది" అన్నాడు.

అది ఆమెకు వినపడింది. "చూడనీలే అప్పా. మొగుడు నావోడు. నాకి లేని రోషం ఊరికేంటికి?"

ఆ టైరు ఎక్కడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. మామూలుగా టైరు అంచుకు సబ్బు నీళ్ళు పూసి గాలి పడితే, చప్పుడు చేసి రిమ్ము గాడిలో కూర్చుంటుంది. ఇది కూర్చోలేదు. గాలి పెంచాలి. ఎక్కువైతే పగులుతుంది, పగిలితే మనిషిని లేపి పారేస్తుంది. లారీ టైర్లకు గాలి పట్టేటప్పుడు వాడే ఇనుప పంజరం మా దగ్గర ఉంది. చక్రాన్ని అందులో పెట్టి అందరినీ దూరం పొమ్మన్నాను. ఓబులేసు పొయ్యి వదిలి రోడ్డు అవతలికి పోయాడు. సార్ పోలేదు.

"సార్, దూరం పో."

"నువ్వు పోతావా?"

"నాకి పనుండాది."

"పని చెప్పిండేది నేను గదా" అని నా పక్కనే నిలబడ్డాడు.

ముల్లు ఎప్పుడూ చూడని చోటికి పోయాక ఒకవైపు అంచు ఠప్ మని కూర్చుంది. రెండోవైపు కదల్లేదు. గాలి దించి, మళ్ళీ సబ్బు పూసి, మళ్ళీ పట్టాను. నా చీర వీపుకు అతుక్కుపోయింది. చివరికి రెండోది కూడా కూర్చుంది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. చక్రం బండికి బిగిస్తే పక్కన వేలు దూరేంత సందు మిగిలింది. ఆయన ఆ సందులో వేలు పెట్టి చక్రం చుట్టూ తిప్పి చూశాడు.

నేను వెనక ఎక్కాను. పెనుకొండ వైపు పోయాం. హైవే దిగి కొండ పక్క రోడ్డులోకి తిరిగాం. నేరుగా పోతున్నంతసేపూ మంచం మీద కూర్చున్నట్టుంది. ముందు ఎడమ మలుపు కనబడింది.

"ఎడమ మలుపు. కాషన్" అన్నాడు ఆయన గట్టిగా.

నేను ఊరుకున్నాను. బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. మలుపు దగ్గర దాదాపు ఆగిపోయింది. వెనక ఒక ట్రాక్టరు హారను కొడుతోంది.

"చెప్పమ్మా."

"ఏం చెప్పల్ల?"

"నేను ఏం చెప్తినో అదే."

"ఎడమ మలుపు. కాషన్."

అప్పుడు తిరిగాడు. నా ఒళ్ళు అలవాటుగా ఎడమకు వాలింది, బండి వాలలేదు. ఆయన ఎడమచేత్తో హ్యాండిలును బలంగా తోస్తున్నాడు. మెడ నరాలు తేలాయి. మొండి ఎద్దును గాటికి తోసినట్టు తోసి, ఆ బండిని మలుపు దాటించాడు. నేను ఎక్కడా జారలేదు.

రైలు నడిపేవాళ్ళ పద్ధతి అది అని తిరిగి వచ్చేటప్పుడు చెప్పాడు. డ్రైవరు సిగ్నలు చూసి పైకి చెప్పాలట. పక్కనున్న అసిస్టెంటు తానూ చూసి అదే మాట తిరిగి చెప్పాలట. కాషన్ అంటే నెమ్మది. వెనక కూర్చున్న మనిషికి మలుపు వస్తోందని తెలియాలి, కుడిచేత్తో గట్టిగా పట్టుకోవాలి. పట్టుకున్నానని ఆమె చెప్పే మాటే అది. ఆ మాట వినపడందే ఆయన తిప్పడు.

"అక్కకు మాట సరిగ్గా రాదు గదా సార్?"

"వచ్చేదాక నిలబడతా."

నిజంగానే నిలబడేవాడు. తర్వాత చాలాసార్లు నా కళ్ళతో చూశాను. షాపు ముందు నుంచి రోడ్డు దాటి అవతలివైపు ఎక్కాలంటే కుడికి తిరగాలి. "కుడి మలుపు. కాషన్" అని ఆగిపోయేవాడు. ఆమె "కు... కు..." అంటుండేది. లారీలవాళ్ళు తల బయటపెట్టి తిట్టిపోయేవాళ్ళు. ఆయన అద్దంలో చూస్తూ కదలకుండా ఉండేవాడు. ఆమెకు కోపం వచ్చి, "కుడి మలుపు, నీ కాషన్ మన్నుబడ" అనేది ఒక్క ఊపిరిలో. "కరెక్ట్" అని ఆయన కదిలేవాడు. డాక్టరు రాదని వదిలేసిన మాట ఆమెకు రోడ్ల మీద తిరిగి వచ్చింది.

వాళ్ళు ఎక్కడికి పోతారో తెలిసి ఓబులేసు తల పట్టుకున్నాడు. రైలు పోని ఊళ్ళకు పోయేవాళ్ళు. గుళ్ళు కావు, డ్యాములు కావు. పటంలో రైలు గీత పడని ఊరు చూసుకుని దానికే పోయేవాడు. ఊళ్ళో దిగి మొదట కనిపించిన మనిషిని, "అప్పా, మీ ఊరికి రైలు వస్తాదా?" అని అడిగేవాడు. "ఈడికి యాడ వస్తాది సార్" అని వాళ్ళు అంటే, ఆయనకు సంతోషం. ఆమెను నీడలో కూర్చోబెట్టి, ఎవరింట్లోనైనా మజ్జిగ అడిగి తాగి, తిరిగి వచ్చేవాళ్ళు. మా పుట్టింటివైపు, తనకల్లు దిక్కున పల్లెలన్నీ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

"రైలుండే ఊర్లు ఈయప్ప ఒక్కడే చూసేసినాడు" అని ఆమె నాతో అంది. "అందుకే నాతో కొత్తవి చూస్తాండాడు."

ఆ టైరు మంచిదని నేను చెప్పడం లేదు. ఇంకొకరు వచ్చి వేయమంటే ఈనాటికీ వేయను. దానికి రోడ్డు ఎటు వాలితే అటు పోయే గుణం ఉంది. ఒక ఏడాది హైవే మీద సగం వెడల్పుకు కొత్త తారు వేశారు. కొత్త తారుకూ పాత రోడ్డుకూ మధ్య చిన్న మెట్టు ఏర్పడింది. మామూలు బండి దాన్ని దాటేస్తుంది. ఈ టైరు ఆ మెట్టు అంచును పట్టుకుని వదల్లేదు. ఆయన ఎంత తోసినా రాకుండా, రోడ్డు దిగి శెనక్కాయ చేనులోకి తీసుకుపోయింది. చేను మధ్యదాకా పోయి నిలబడింది. ఇద్దరూ పడలేదు. ఒంటినిండా ఎర్రమన్ను, చక్రంలో ఎండిన శెనక్కాయ తీగలతో నా షాపుకు వచ్చారు.

ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆమె మాత్రం దారి పొడుగునా నవ్వుతూనే వచ్చిందట.

"చేను గలాయన ఏమన్లేదా అక్కా?"

"వచ్చినాడు గట్టు మీదికి. తప్పైపోయిందప్పా, నీ పంట తొక్కేస్తిమి అంటి. పోనీలేమ్మా, ఎట్లా వాన లేదు, మీరన్నా దున్నిపోతిరి అనె."

ఆ రోజు ఆమె లోపల మొహం కడుక్కుంటుంటే, ఆయన చక్రం పక్కన కూర్చుని తీగలు ఒక్కొక్కటే పీకుతూ నాతో మాట్లాడాడు. ఆయన అంత మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.

"ఏమ్మా, ఈ బండి ఇంకెవురూ తోలలేరు. మా తమ్ముని కొడుకు తోల్తా అంటే ఇచ్చి చూస్తి. వీధి చివర తిప్పలేక గోడకు పెట్టె. దీని మొండితనం నా చేతులకే తెలుసు."

"మంచిదే గదా సార్. ఎవురూ అడగరు."

"నాకేమన్నా అయితే?"

నేనూ పక్కన కూర్చుని ఒక తీగ పీకాను.

"ఈ టైరుంటే ఎవురూ తిప్పలేరు. లేకుంటే ఈమె కూకోలేదు" అన్నాడు. "నేనుండేదాక ఈమె తిరుగుతాది. నేను పోయినానంటే ఆ దినమే ఈమె గూడ నిల్చిపోతాది. దాన్ని ఏం చేయల్లో నాకి తోచలేదు."

ఆమె తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వస్తే ఆయన మాట ఆపి లేచాడు.

తర్వాత ఆయన ముసలివాడు అవుతూ వచ్చాడు. బండి తోసే ఎడమ భుజం నొప్పి అని ఒకసారి నా దగ్గర నూనె అడిగి రాసుకున్నాడు. షాపులో ఆగే సమయం పెరిగింది. ఆ ఖాళీలోనే అక్క నా చేత అక్షరాలు మొదలుపెట్టించింది. మా ఊరి బడిలో సాయంత్రం పెద్దవాళ్ళకు చదువు చెప్తారు, పోతే నలుగురూ నవ్వుతారు అని నేనంటే, "నేను అరవై ఏండ్లకి మాట్లాడేది మల్ల నేర్చుకుంటి. నేను కు కు అంటాంటే లోకమంతా నవ్వలేదా?" అంది. నేను పోయాను. కొన్నాళ్ళకు ఓబులేసు అంగడి బోర్డు మీద ఉన్నదంతా సార్ ముందు కూడబలుక్కుని చదివాను. ఆయన బోర్డు వైపు తిరిగి, మొదటి నుంచి చివరిదాకా తాను కూడా చదివి సరిచూసుకుని, "కరెక్ట్" అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో ఆయనకు తెలిసి ఉండదు.

ఈ మధ్య కొన్ని నెలలుగా వాళ్ళు రాలేదు. ఎండలని అనుకున్నాను. తర్వాత లారీ డ్రైవరు వచ్చాడు.

కర్మ అయిన కొద్ది రోజులకు ఫోనులో "కారు టైరు సార్" అని పడింది. తీస్తే ఎవరో కుర్రగొంతు. ఆయన తమ్ముని కొడుకు.

"అక్కా, పెదనాయన బండి వరండాలో అడ్డంగా ఉండాది. నాకి ఉద్యోగానికి పోనీకి పనికొస్తాది. కానీ ఆ టైరుతో నేను తోలలేను. ఈడ షాపులోళ్ళు ఎవురూ దాన్ని ముట్టుకోము అంటాండారు. నువ్వే ఏసినావంట గదా."

"మీ పెద్దమ్మ ఏమంటాది?"

"అడగనీకి ఎవురికీ నోరు రాలేదక్కా. ఆయప్ప గుర్తుగా అట్లే పెట్టాలని ఉందేమో. నువ్వొచ్చి అడుగు."

కడ్డీలు, సుత్తి సంచిలో వేసుకుని పెనుకొండలో రైలెక్కి గుంతకల్లు పోయాను. ఇల్లు రైలు పట్టాలకు దగ్గరే. ఆమె వరండాలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. పక్కనే బండి. దాని మీద బట్ట కప్పలేదు. అద్దం కూడా తుడిచి ఉంది.

నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"ఈ కుర్చీలోనే పాపా. నేను లోపల కూకోని కాఫీ తాగుతావా అంటి. పలకల్యా. ఎప్పుడూ ఆయప్ప చెప్పేది, నేను పలికేది గదా. ఆ పొద్దు నేనే చెప్తి. మల్ల చెప్తి. పలికేదాక చెప్తానే ఉంటి."

నేను ఆ చెయ్యి వదల్లేదు. లోపల ఎవరో పాత్రలు సర్దుతున్న చప్పుడు. తమ్ముని కొడుకు గడపలో నిలబడి నావైపే చూస్తున్నాడు. అడగాల్సింది నేను.

"అక్కా, బండి..." అన్నాను.

"వాడు చెప్పె నువ్వొస్తావని. తీయనీకే గదా?"

"నువ్వు తీయమంటేనే."

ఆమె బండి వైపు చూసింది. ఆ టైరు తీస్తే తనను ఇంకెవరూ దాని మీద కూర్చోబెట్టలేరని ఆమెకు నాకంటే బాగా తెలుసు. తీయకపోతే తోలేవాళ్ళు లేరు. ఆ రోజు శెనక్కాయ తీగలు పీకుతూ ఆయన నాతో చెప్పిన మాట ఆమెతో ఎప్పుడైనా చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పి ఉండకపోయినా తెలిసే ఉంటుంది.

"తీసెయ్ పాపా" అంది. "అది వంగే బండి గదా. నాకోసమని ఇన్నేండ్లు వంగకుండా నిలబెట్టినాడు. నేను ఇంక ఎక్కేదాన్ని కాదు. దాన్నేంటికి నిలబెట్టేది?"

"గుర్తుగా పెట్టుకోరాదా అక్కా?"

"నా నోట్లో మాట ఉండాదిలే" అంది.

వరండా మెట్ల కింద చక్రం విప్పాను. ఎక్కినప్పుడు ఎంత మొండికేసిందో, దిగేటప్పుడూ అంతే. కడ్డీ వేసి నా బరువంతా మోపితే గానీ అంచు వదల్లేదు. ఆమె కుర్చీ మెట్ల దాకా జరిపించుకుని పని అయ్యేదాకా చూస్తూ కూర్చుంది. తమ్ముని కొడుకు తెచ్చిపెట్టిన కొత్త టైరు ఎక్కించడం ఎంతోసేపు పట్టలేదు. అది ఆ రిమ్ముకు పుట్టినదే. చేతిపంపుతో కొట్టిన కొంచెం గాలికే గాడిలో కూర్చుంది.

తమ్ముని కొడుకు బండి తీశాడు. గోడకు పెట్టిన రోజు గుర్తుందేమో, భయంభయంగా వీధి చివరిదాకా పోయాడు. అక్కడ ఎడమకు తిరగాలి. బండి చటుక్కున వంగింది. నీళ్ళు పల్లానికి పోయినట్టు, ఏ తోపూ లేకుండా వంగి, తిరిగి, లేచింది. పిల్లవాడి ముఖం దూరం నుంచే విచ్చుకోవడం కనబడింది. ఇంకొకసారి తిరగాలనిపించిందేమో, వెనక్కి వచ్చి వీధి చివర అదే మలుపులోకి మళ్ళీ తిప్పాడు.

ఆమె వాడినే చూస్తోంది. బండి ఎడమకు వంగుతుంటే, కుర్చీలో ఆమె ఒళ్ళు కూడా దానితోపాటు మెల్లగా ఎడమకు వాలడం మొదలుపెట్టింది. చెయ్యి పనిచేయని వైపు. నేను భయపడి భుజం పట్టుకోబోయాను.

"పట్టుకోవద్దులే పాపా" అంది, కళ్ళు వీధి చివర నుంచి తిప్పకుండా.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.